తిక్కువాయక్కా వేషం

ధర్మపురి,
12-6-1987

నా కన్నప్పకి,

మన వీధికి టీవీ వచ్చి రెండేండ్లయింది. ప్రతి శుక్రవారం నీ నవ్వుల కార్యక్రమం చూసేదానికి అందరూ తంగవేల్ ఇంట్లో కూర్చుంటారు. ఒక వారం పిలిస్తే నేనూ పోయినాను. నువ్వు చీర కట్టుకుని వచ్చినావు. నీ వేషం పేరు తిక్కువాయక్కా, అంటే అరవంలో నత్తి అక్క. మాట అడ్డుపడితే తొడమీద రెండుసార్లు కొట్టుకుని, ఎడమకన్ను మూసి, మళ్ళీ మొదలుపెట్టినావు. నేను చేసేటట్టే. వాళ్ళు టీవీని వదిలి నా పక్క తిరిగి నవ్వినారు.

ఇప్పుడు నేను నేర్పించే కుట్టుమిషన్ క్లాసులో నోరు తెరిస్తే పిల్లలు తొడలు కొట్టుకుంటారు. పోయిన నెల క్లాసు నడిపే పూంగావనమ్మ, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు వేదా" అన్నది. పదకొండేండ్ల పని పోయింది. బడిలో నిన్ను ఎవరన్నా కొడితే ఈ నత్తి నోటితోనే పోయి కొట్లాడినాను. ఆ వేషం ఆపెయ్. ఇంకేమీ అడగను.

నీ అక్క,
వేదవల్లి

మద్రాసు,
25-6-1987

అక్కకి,

నిజం చెప్పేస్తాను. ఆరేండ్ల ముందు, కార్యక్రమం మొదలైన నెలలో ఒక నటుడు రాలేదు. పది నిమిషాలు ఖాళీ. డైరెక్టర్ రంగనాథన్ "ఎవరన్నా ఏదన్నా చెయ్యండి" అన్నాడు. నాకు నువ్వు తప్ప ఏమీ తోచలేదు. కెమెరా పట్టుకున్నోడు నవ్వి నవ్వి బొమ్మ అదిరిపోయింది. ఆ తర్వాత నాలుగుసార్లు కార్యక్రమం నిలిపేస్తామన్నారు. నాలుగుసార్లూ ఆ వేషమే కాపాడింది. దాన్ని నేనే కల్పించినానని అందరికీ చెప్పుకున్నాను.

ఎట్లా ఆపేది? నువ్వు ఇంట్లో ఉంటే ఏం తక్కువైంది? అయినా నీ మాట పూర్తయ్యేదాకా వినే ఓపిక ఎవరికుంది? వచ్చేనెల కార్యక్రమం మూడువందో వారం షూటింగ్. వచ్చి నా పక్కన నిలబడు, నీకు కోపం లేదని ఊరోళ్ళకి తెలుస్తుంది. నోరు మాత్రం తెరవొద్దు.

నీ తమ్ముడు,
కన్నప్పన్

మద్రాసు,
2-8-1987

కన్నప్పకి,

షూటింగ్ సగంలో వదిలేసి నువ్వు ధర్మపురి బస్సెక్కినావని తర్వాత తెలిసింది.

నువ్వు చెప్పినట్టే నోరు తెరవలేదు. డైరెక్టరే నా పేరు అడిగినాడు. నా పేరు చెప్పేదానికి నాకెంతసేపు పడతాదో నీకు తెలుసు. రెండుసార్లు తొడ కొట్టుకున్నాను. చూసేదానికి వచ్చినోళ్ళు వేషమనుకుని పడిపడి నవ్వినారు. ఆయన నవ్వలేదు. నీ పక్క తిరిగి, "ఇన్నేండ్లూ నువ్వు చేసింది ఈమెనా?" అన్నాడు. నీ మొహం బాగా చూసినాను. నాకు జాలి రాలేదు.

ఆయనే అడిగినాడు, ఒప్పుకున్నాను. వచ్చే శుక్రవారం నుంచి ఆ వేషం నాది. సంతోషంగా ఉన్నానని అనుకోకు. వాళ్ళు నవ్వినప్పుడంతా తోలు ఒలిచినట్టే ఉంటాది. ఊర్లో ఊరికే ఒలిచినారు. ఇక్కడ నేను మొదలుపెడితే మొదలవుతాది, ఆపితే ఆగుతాది.

నిన్న ఆయన, "మీ తమ్ముణ్ణి పిలిపిద్దామా? వేరే వేషం ఏదన్నా ఇద్దాం" అన్నాడు. జవాబు చెప్పేదానికి చాలాసేపు పట్టింది. ఆయన ఓపికగా కాచుకున్నాడు.

"వానికి వేరే ఏమీ రాదు సార్" అన్నాను.

వేదవల్లి