ముందు లేనిది చెప్పాలి

రాయ్‌పూర్,
24 మే 1998.

నాన్నకి సుగుణ వందనాలు.

రత్నత్తా, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపిస్తావు కనుక ముందు నీకు చెబుతున్నాను. కళ్ళజోడు పెట్టుకొని మెల్లగా చదువు. నాన్న చెయ్యి ఎత్తితే ఆగు.

నాన్నా, కాకినాడలో చేసిన ఆపరేషన్ కుట్లు మానాయని, గంజి మాని మెత్తటి అన్నం తింటున్నావని అత్త రాసింది. అమ్మ ఆ మాట నాచేత మూడుసార్లు చదివించుకుంది. గొంతు ఇక రాదని డాక్టరు అన్న మాట మాత్రం ఒక్కసారే చదివాను. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు బియ్యం ఏరాం. అందులో ఏరడానికి రాళ్ళు కూడా లేవు.

ఏడు గంటలకి మన గల్లీ ఇప్పుడు బోసిగా ఉంటోంది. నిన్న ఎవరో కొత్త కబాడీవాడు పాత సామాను కొనడానికి వచ్చాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి చూసి, "వీడికి అరవడం కూడా రాదే" అని లోపలికి వచ్చేసింది. నీ కేక గుర్తొచ్చింది. "టీనా-టప్పర్, టూటా-ఫూటా, రేడియో-పంఖా" అని మొదలుపెట్టి, చివరి "పంఖా" దగ్గర గొంతు పైకి తీసుకెళ్ళి అక్కడే వదిలేసేవాడివి. వీధి చివరి ఇంటివాళ్ళకి అదొక్కటే వినిపించేది. చిన్నప్పుడు సెలవు రోజుల్లో నన్ను ఠేలా బండి మీద కూర్చోబెట్టుకొని తిప్పేవాడివి. నువ్వు ఊపిరి తీసుకునే లోపు నేను అందుకొని అరిచేదాన్ని. జనం నవ్వి పాత డబ్బాలు ఇంకో రెండు ఎక్కువ తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆరో తరగతిలో మిషన్ బడిలో చేరాక నేను అరవడం మానేశాను. నువ్వు రమ్మనడమూ మానేశావు.

ఇక సంగతి. నాకు పని దొరికింది. నువ్వు ఇన్నేళ్ళూ సామాను తెచ్చి పోసిన భీమారావు గారి గోదాంలోనే. మూతపడిన మిల్లు ఆఫీసు నుంచి ఆయన ఒక లాటు కొన్నారు. పదకొండు కంప్యూటర్లు, ముప్పై అయిదు టేబుల్ ఫోన్లు, ఒక ఇంటర్‌కామ్ పెట్టె, లెక్కలేనన్ని సర్క్యూట్ బోర్డులు. కొనేవాళ్ళ నంబర్లున్న నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.

"చూడమ్మా, బారిష్ దిగేలోగా ఈ మాల్ అంతా కదలాల. పైన రేకులు చూశావు కదా, జల్లెడే. బోర్డులు తడిస్తే మట్టికింద లెక్క. నువ్వు బియ్యే చదివావు, ఫోన్లో ఎలా మాట్లాడాలో నీకే బాగా తెలుస్తాది. అమ్మితే ఈ కుర్చీ నీది. లేదంటే వెనక షెడ్డులో తీగలు ఒలిచే పనుంది, బురా మానకు, ఏమీ అనుకోకు."

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టెలిఫోను మర్యాద అని ఒక కాగితం ఇచ్చారు. అది చూసి నా మాటలు తయారు చేసుకున్నాను. నిటారుగా కూర్చోవాలి. ముందు నమస్కారం, తర్వాత సంస్థ పేరు, తర్వాత సరుకు గొప్పతనం. కబాడీ అన్న మాట నోట రానివ్వకూడదు, "ఎలక్ట్రానిక్ మెటీరియల్" అనాలి. రాత్రంతా అద్దం ముందు అభ్యాసం చేశాను. "గోడతో అంత మర్యాదేంటే, దానికేమన్నా బాకీ ఉన్నావా" అంది అమ్మ.

మొదటి రోజు తొమ్మిది మందికి చేశాను. ఎవరూ ధర దాకా రాలేదు. ఒకాయన "మేడమ్, మా కాగితాలన్నీ బరాబర్ ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి" అని పెట్టేశాడు. ఇంకొకాయన దుకాణమే మూసేశానన్నాడు, వెనకాల సుత్తి చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి. సాయంత్రం భీమారావు గారికి భిలాయి నుంచి ఫోనొచ్చింది. మీ నంబరు నుంచి సేల్స్‌టాక్సు మేడమ్ ఎవరో మాట్లాడుతోంది, జాగ్రత్త అని. ఆయన ఫోను పెట్టేసి నన్ను చూసి తల పట్టుకున్నారు.

"నా గిరాకీలందర్నీ ఒక్క రోజులో అండర్‌గ్రౌండ్ పంపించేశావు తల్లీ. మీ నాన్న పేరు చెప్పకూడదా? సగం మందికి తెలుసు."

నేను నోటుబుక్కు సర్దుకొని లేచాను. ఎందుకు చెప్పలేదో నీకు రాయాలని మూడుసార్లు కాగితం తీశాను. ఈ ఉత్తరంలోనూ రాలేదు. నువ్వు ఆరోగ్యం చూసుకో.

నీ కూతురు
సుగుణ


రాయ్‌పూర్,
11 జూన్ 1998.

నాన్నా,

సరుకు అమ్ముడుపోయింది. ముందు ఆ మాట విని స్థిమితంగా ఉండు. మిగతాది ఎలా జరిగిందో చెబుతాను.

ఎనిమిదో తేదీ మధ్యాహ్నం అభన్‌పూర్ వైపు నుంచి నల్లగా పట్టుకొచ్చింది. మొదటి జల్లుకే గోదాంలో నాలుగుచోట్ల ధార. నేనూ భీమారావు గారూ టార్పాలిన్ ఒక మూల లాగితే ఇంకో మూల తేలుతోంది. కంప్యూటర్లని చేతుల్తో ఎత్తి బల్లల మీదికి చేర్చాం. ఆ తడి చేతుల్తోనే వచ్చి నోటుబుక్కులో మిగిలిన ఒకే ఒక్క నంబరు తిప్పాను. ఆరంగ్ నుంచి వెళ్ళి నాగపూర్‌లో గోదాం పెట్టుకున్న సేఠ్‌ది. నా కాగితం నీళ్ళలో నానిపోయి అక్షరాలు కలిసిపోయాయి. ఆయన "బోలో" అన్నాడు. నా నోట్లో నమస్కారం కూడా లేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు నాన్నా. మన వాకిట్లో సామాను పరిచి భీమారావు గారికి చూపించేటప్పుడు పగిలిందే ముందు పెట్టేవాడివి. "ముందు లేనిది చెప్పాలి. ఉన్నది ఎలాగూ వాడి కంటికి కనపడుద్ది" అనేవాడివి. నేను అలాగే చెప్పుకుంటూ పోయాను. సేఠ్‌జీ, పదకొండు కంప్యూటర్లలో మూడింటి లోపల ఏమీ లేదు, ఒట్టి డొల్లలు. రెండు తెరలు పగిలాయి. ఫోన్లలో తొమ్మిదింటికి డయళ్ళు లేవు. ఇంటర్‌కామ్‌లో తీగ ఎవరో ఒలుచుకుపోయారు. బోర్డుల్లో ఒక గోనె ఇప్పుడే తడిసింది, నేను మాట్లాడుతుండగానే. మిగతాది పొడిగా ఉంది.

ఇక పెట్టేస్తాడనుకున్నాను. ఆయన హిందీ వదిలేసి మన ఛత్తీస్‌గఢీలోకి దిగాడు. "తైం కాకర నోనీ హస్?" అన్నాడు. నువ్వెవరి పిల్లవి అని.

పక్కన ఫోను మీటరు తిరుగుతోంది. భీమారావు గారు టార్పాలిన్ పట్టుకొని నన్నే చూస్తున్నారు. చివరికి చెప్పాను. ఏలియా కూతుర్ని, దేవేంద్ర నగర్ గల్లీల్లో ఠేలా తోసుకుంటూ కబాడీ కొనే ఏలియా కూతుర్ని అని.

ఆయన నవ్వాడు. "నలిగిందే ముందు చూపించే ఏలియా. లారీ పంపుతున్నా, తడిసిన గోనె కూడా ఎక్కించు" అన్నాడు. పదో తేదీ పొద్దున లారీ వచ్చింది. కుర్చీ నాదయింది.

అత్తా, ఇక్కడ ఆగు. తలుపు దగ్గరగా వేసి నాన్న పక్కన కూర్చొని తర్వాతది చదువు. ఇది నాన్న ఒక్కడే వినవలసింది. తనకి చదువు రాదు కనుక నీ నోటితో వినాలి. నువ్వు కూడా నన్ను క్షమించు.

నాన్నా, ఆ పేరు చెప్పడానికి నాకు అంతసేపు ఎందుకు పట్టిందో నీకు తెలుసు. పదో తరగతి చదువుతున్నప్పుడు, దేవేంద్ర నగర్‌లో మా క్లాసు ఊర్మిళ వాళ్ళింటికి లెక్కలు చేసుకోవడానికి వెళ్ళాను. వీధి మొదట్లో నీ కేక వినపడింది. లోపలికి వెళ్ళిపోదామనుకునే లోపే వాళ్ళమ్మ బాల్కనీ నుంచి నిన్ను పిలిచింది. "పాత రేడియో ఉంది, ఇచ్చేద్దాం. మీరిద్దరూ దగ్గరుండి చూడండమ్మా, వీళ్ళు తూకంలో దెబ్బకొడతారు" అంది. నువ్వు గేటు తీసి లోపలికి వచ్చి తలెత్తావు. నన్ను చూశావు. నీ మొహం నవ్వబోతోంది. అది పూర్తయ్యేలోగా నేను అనేశాను, "భయ్యా, కాంటా ఠీక్ సే పకడో" అని, తక్కెడ సరిగ్గా పట్టుకోమని.

నువ్వు "జీ, దీదీ" అన్నావు. ముల్లు నాకు కనపడేలా కాంటా నా వైపు తిప్పావు. రేడియో వెనక రేకు విప్పి, "ఇందులో స్పీకర్ లేదు దీదీ, అయినా డబ్బా బాగుంది" అన్నావు. వెళ్ళిపోయావు. తర్వాతి ఇంటి ముందు నీ కేక వినపడలేదు. ఆ వీధి దాటేదాకా వినపడలేదు.

సాయంత్రం ఇంట్లో నువ్వు మామూలుగానే అన్నం తిన్నావు. వారం తిరక్కుండా ఆ రేడియోకి స్పీకర్ వేయించి తెచ్చి నా చదువుకునే బల్ల మీద పెట్టావు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. అది మోగినప్పుడల్లా నాకు నా మాటే వినపడుతుంది. గుడిలో పేతురు కథ చదివిన ఆదివారాల్లో నీ పక్కన కూర్చోలేక అమ్మ అవతలికి జరిగేదాన్ని. ఆయన ప్రభువుని ఎరగను అని బొంకాడు. నేను అంతకంటే ఒక మెట్టు దిగి బేరం కూడా చేశాను.

అదొక్కటే కాదు. బడి రిజిస్టర్లో నా పేరు పక్కన తండ్రి ఉద్యోగం రైల్వే అని ఉండేది. గుమాస్తా పొరపాటు అనుకున్నాను, దిద్దించలేదు. కాలేజీ ఫారంలో నా చేత్తో నేనే రైల్వే అని రాశాను. నీ గొంతు ఉన్నన్నాళ్ళూ క్షమించమని అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు నువ్వు తిట్టాలన్నా తిట్టలేవు. అందుకే ఇప్పుడు చెబుతున్నానేమో అని కూడా భయంగా ఉంది.

జవాబు రాయించకపోయినా నేను అర్థం చేసుకుంటాను.

సుగుణ


కాకినాడ,
20 జూన్ 1998.

సుగుణమ్మా,

మీ నాన్న పెదవులు చూసి రాస్తున్నాను. నేను సొంతంగా ఒక్క ముక్క కలపలేదు. కలపబోతే బల్ల మీద చప్పుడు చేస్తున్నాడు. తలుపు వేసే చదివాను. విన్న మూడో రోజు కాగితం తెమ్మన్నాడు. ఇక్కణ్ణుంచి వాడి మాటలు.

అమ్మా, ఆ సేఠ్‌కి డయళ్ళు లేని ఫోన్లు తొమ్మిదని విడిగా చెప్పావు చూడు, అది బాగుంది.

ఆ రేడియో కోపంతో పెట్టింది కాదు. మంచి రేడియో. ఎవడికో అమ్మబుద్ధి కాలేదు.

రిజిస్టర్లో గుమాస్తా పొరపాటు చెయ్యలేదు. నిన్ను ఆరో తరగతిలో చేర్పించిన రోజు నువ్వు బయట చింతచెట్టు కింద మీ అమ్మ దగ్గరున్నావు. నేను లోపలికి వెళ్ళాను. పెద్ద టీచరమ్మ గారు నా చేతులు చూశారు. మసి, గ్రీజు. ఎంత తోమినా పోలేదు. పిల్లకి నువ్వేమవుతావు అని అడిగారు. నేనేం అన్నానో తెలుసా. ఏమీ కానండి, పిల్ల తండ్రికి రైల్వేలో పని, డ్యూటీ మీదున్నాడు, ఫీజు నాచేత పంపించాడు అన్నాను. ఆవిడ రాసుకున్నారు. బయటికొచ్చి నీకు బొరుగులు కొనిపెట్టాను. నువ్వు తింటూ నా చెయ్యి పట్టుకున్నావు. నేను ఆ చెయ్యి విడిపించుకొని గేటు దాటేదాకా పట్టుకోనివ్వలేదు, ఎవరైనా చూస్తారని. ఆ వారం నుంచే నిన్ను ఠేలా ఎక్కించడం మానేశాను.

కనక ముందు కాదన్నది నేను. నువ్వు నాలుగేళ్ళ తర్వాత అన్నావు. ఆ గేటు దగ్గర "జీ, దీదీ" అన్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నా సరుకే నాకు తిరిగొచ్చింది అనుకున్నాను. పేతురు సంగతి నాకూ తెలుసు, ఆయన ఎరగనన్న ఆ మంట దగ్గర నేనూ చలి కాచుకున్నవాణ్ణే. ఆ తర్వాత వీధంతా అరవలేకపోయింది నీ మీద కోపంతో కాదు. గొంతు పెగల్లేదు, అంతే.

నీకు చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. గొంతున్నప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీ అత్తకి పెదవులతో చెప్పి రాయిస్తున్నాను.

ఆదివారం నాలుగింటికి మీ అత్త పనిచేసే ఆసుపత్రి ఆఫీసుకి ఫోన్ చెయ్యి. నంబరు కవరు వెనక ఉంది. నన్ను అక్కడ కూర్చోబెడతానంది. ఆఫీసు మాటలు వద్దు. నా కేక ఒకసారి వెయ్యి, వింటాను. చివర పంఖా దగ్గర పైకి తీసుకెళ్ళి వదిలెయ్, కిందికి దించకు. ఆసుపత్రి వాళ్ళు నవ్వితే నవ్వనీ.

నా దగ్గర గొంతు లేదు. అది ముందే చెబుతున్నాను. చెవులు రెండూ బాగున్నాయి.

సంతకం అత్తని పెట్టనివ్వడం లేదు, నేనే పెడుతున్నాను.

సుగుణ తండ్రి
ఏలియా