చచ్చిందని రాసిన పొడి

అమ్మకు వందనాలు. నువ్వు ఫోనెత్తడం మానేశావు గనుక బాపట్ల నుంచి ఈ కార్డు.

మీ రేపల్లె మహిళా సంఘం వరికి ఎరువుగా తయారుచేసిన బ్యాక్టీరియా పొడి చచ్చిందని రాసింది మా ల్యాబే. పరీక్షలో దాన్ని నీళ్లలో కలిపి, పైన బ్యాక్టీరియాను పెంచే అగర్ జెల్లీని వేడిగా పోశారు. ఎండి నీరసించిన జీవులు ఆ వేడికే పోయాయి. చల్లారి గడ్డకట్టిన జెల్లీ మీద అదే పొడి నీళ్లను నేను మళ్లీ పులిమితే, పళ్లెం నిండా బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలిచింది. మా ల్యాబ్ సార్ చూశారు. "నిజమేనమ్మా, కానీ రూలు పోసే పద్ధతికే ఉంది. రిపోర్టు మారదు" అన్నారు. ఇక దాన్ని మార్పించడం నా వల్ల కాదమ్మా.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తెనాలి పిన్ని వచ్చి వెళ్లిందా? నా గొడుగు పంపు. నన్ను తిట్టుకున్నా సరే, సంఘం అక్కలకు నా వందనాలు చెప్పు.

ఆ పొడిని కాలువలో కలపకండి. మన చేలో చల్లండి. అది బతికే ఉంది.

నీ కెజియా