పార ముట్టకు బాపూ

బాపూ, నేను మొదటి షిఫ్టుకు పోతున్న. పార ముట్టకు, నీ నడుముకు తవ్వుడు పడదు. కూరగాయలకు నేల తవ్వే పనే లేదు. పెరట్ల గడ్డి మీదనే అట్టలు పరిచి మంచిగ తడుపు. వాటి మీద పెండ ఎరువు, ఆ పైన ఎండుటాకులు మందంగ ఎయ్యి. మట్టి నేనొచ్చి పోస్త. పక్కింటి సత్తవ్వ వంకాయ నారు ఇస్తనన్నది.

నువ్వు అన్‌ఫిట్ అయి నీ బొగ్గుబాయి నౌకరి నాకొచ్చినకాంచి నాతోని సరిగ మాట్లాడుతలేవు. నీ జాగ నేను గుంజుకోలే బాపూ. నిన్న డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద కూలబడ్డ, బూట్లు ఇప్పుటానికి గూడ శాతగాలే. ముప్పయ్యేండ్లు నువ్వెట్ల చేసినవో అప్పుడు ఎరుకైంది.

రేవతి

మూడింటికి షిఫ్టు దిగుత. నడవ శాతనైతే గేటు కాడికి రా. ఇంటిదాక మాట్లాడకున్నా సరే, పక్కన నడువు.