స్టూడియో కిటికీలో పెళ్లికొడుకు

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీస్సులని రాయడానికి చెయ్యి రావడం లేదు. మా తోడికోడలు పనిమీద మీ ఊరొచ్చి, మీ వీధి ఫొటో స్టూడియో కిటికీలో నిన్ను చూసిందట. కోటు తొడుక్కుని, పక్కన పెళ్లిబట్టల్లో ఒకావిడని పెట్టుకుని ఇకిలిస్తున్నావట. వింటూనే చేతిలో గ్లాసు జారవిడిచాను. మరదలు పోయి ఎనిమిదేళ్లయింది, మళ్లీ పెళ్లి చేసుకోరా అని నేను మొత్తుకుంటే ఈ జన్మకి చాలన్నావు. ఇప్పుడు తోడబుట్టినదానికి చెప్పకుండా కానిచ్చేశావా? నీకో తోడు దొరకాలని దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకున్నాను. ఆయనైనా నాకో మాట చెప్పొద్దూ? ఆయనతోనూ మాటలు మానేశాను.

ఇట్లు,
నీకేమీ కాని అక్క

తా.క.: ఆవిడ నీకంటే పొడుగటగా. ఫర్వాలేదులే, ఊరికే అడిగాను.

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి అదిరిపోయాను. నాకు పెళ్లేమిటి? నా గడియారాల రిపేరు కొట్టు పక్కనే ఆ స్టూడియో. వయసు మళ్లిన జంట ఫొటో కిటికీలో పెడితే ఆ వయసువాళ్లు సిగ్గుపడకుండా లోపలికొస్తారని స్టూడియో అతని ఆలోచన. నన్నూ, ఎదురుగా బేకరీ నడిపే ఆవిడనీ పిలిచి నిలబెట్టాడు. కోటూ, ఆవిడ పెళ్లిబట్టలూ స్టూడియోవే. కింద నా పాత పైజామాయే, ఫొటో నడుము దాకానే కదా. ఆవిడ భర్త పోయిన మనిషి, మర్యాదస్తురాలు. ఈ వయసులో నాకు ప్రేమలేమిటి, జీవితం ఇంతే అని ఎప్పుడో సర్దుకున్నాను. నువ్వు ముందు దేవుడితో మాట్లాడు.

నీ తమ్ముడు

తా.క.: నేను ఇకిలించలేదు. ఫ్లాష్ కళ్లలో పడింది.

ఒరేయ్,

పెళ్లి కాలేదా? నీ ఉత్తరం వచ్చేలోపు నా కోపం చల్లారి, తమ్ముడికి పెళ్లయిందని చుట్టాలందరికీ చెప్పేశాను. మీ బావ ఆఫీసులో మిఠాయిలు పంచారు. నాతో మాటల్లేని పెదనాన్న కూతురు కూడా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు అది ఉత్త ఫొటో అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అదలా ఉంచు. నీకు జ్వరమొస్తే గ్లాసుడు నీళ్లిచ్చే మనిషి ఉందని ఇన్నేళ్లకి కంటినిండా నిద్రపోయానురా. ఆ నిద్ర పాడుచెయ్యకు. వెళ్లి ఆవిడని అడుగు. ప్రేమ పెళ్లికి ముందే ఉండాలని ఎవరన్నారు? మీ బావ మీద నాకు ప్రేమ పుట్టింది పెళ్లయిన ఆరేళ్లకి, అదీ ఆయన గురక తగ్గాక.

నీ అక్క

తా.క.: పైజామాతో వెళ్లకు.

అక్కా,

కూర్చుని చదువు.

నీ ఉత్తరాలు పట్టుకుని బేకరీకి వెళ్లాను. నీ రభసంతా చెప్పి, మా అక్క తరఫున నేను క్షమాపణ అడుగుతున్నానన్నాను. ఆవిడ ట్రేలు కడుగుతూ అంతా విని, తలెత్తకుండా, "నేనూ ఎవరికీ కాదని చెప్పలేదండీ" అంది. రొట్టెల కోసం వచ్చేవాళ్లంతా ఫొటో చూసి పెళ్లెప్పుడైందని అడుగుతున్నారట. ఎందుకు కాదనలేదని అడిగాను.

"కాదంటే మళ్లీ ఒక్కదాన్నే అయిపోతాను కదా" అంది.

అక్కడే పిండి బస్తా మీద కూలబడ్డాను. సర్దుకున్నానని నీకు రాసిందంతా అబద్ధమే అక్కా, ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. ఆ మాటే ఆవిడకి చెప్పాను. నిన్న పెళ్లి చేసుకున్నాం. చెప్పలేదని మళ్లీ మొదలుపెట్టకు, లోకానికంతా నువ్వే ముందు చెప్పేశావు.

నీ తమ్ముడు

తా.క.: నీ ఉత్తరాలు రెండూ ఆవిడ చదివి కళ్లు తుడుచుకుంది. తనని అలా తిట్టేవాళ్లు ఎవరూ మిగల్లేదట. ఈసారి రాసేటప్పుడు తనకీ నాలుగు తిట్లు రాయమంది.