ఏథెన్సు మీద మల్లిక పెట్టిన కేసు

గల్ఫ్, రిఫా లేబర్ క్యాంపు నుంచి
మల్లికకు లింబాద్రి రాసేది. నేను బాగున్నాను. ఫోన్లో మాటా మాటా పెరిగి నువ్వు కట్ చేసేస్తున్నావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో పంపుతున్నా. ఈ మధ్య నా శుక్రవారాలన్నీ ఏథెన్సుతోనే గడుస్తున్నాయి. ఎంత తెలివి, ఎంత న్యాయం! డ్యూటీలోనూ అదే ధ్యాస.
నీ లింబాద్రి
తా.క.: వయసు చాలా ఎక్కువ. వింటే మాత్రం అలా అనిపించదు.

లింబాద్రికి మల్లిక రాసేది. నేను బాగాలేను. ఎవరా ఏథెన్సు? నర్సా? వయసు తెలియదట! ముప్పై నాలుగుకే నాకు తెలుస్తోందనా? ఉత్తరం చదివి మా అక్క విజయరాణి, "గిది పంచాయితిల తేలాలె" అంది.
ఇంకా నీ భార్యనే, మల్లిక
తా.క.: ఆమె ఫోటో పంపు. పక్కన నువ్వు ఉండకూడదు.

మల్లికా, ఒట్టు, ఏథెన్సు మనిషి కాదు, ఊరు! గ్రీకుల పాత పట్నం. ఒకప్పుడు సోషల్ పాఠాలు చెప్పిన గిడియోన్ మా గదిలోనే ఉంటాడు, శుక్రవారం సెలవుల్లో అతనే ఆ ఊరి కథలు చెబుతాడు. అక్కడ తీర్పు చెప్పేది జడ్జి కాదట. చీటీల్లో పేరొచ్చిన మామూలు జనం వందల్లో కూర్చుని చెప్పేవారట. కుండలో నీళ్లు కారిపోయేలోగా ఎవరి వాదన వాళ్లే ముగించుకోవాలి. మేమూ అలాంటి కోర్టు పెట్టాం. మొదటి కేసు నీ అనుమానమే. నేరం రుజువైతే నువ్వో శిక్ష, నేనో శిక్ష అడగాలి. జూరీ రెండింట్లో ఒకటి ఖాయం చేస్తుంది. నీది రాసి పంపు.
నిర్దోషి లింబాద్రి
తా.క.: అక్కడి కోర్టుల్లో ఆడవాళ్లను మాట్లాడనిచ్చేవారు కాదట. ఇది గిడియోన్ మాట, నాది కాదు.

లింబాద్రికి, ఊరైతే మాత్రం? పన్నెండేళ్ల కాపురంలో నన్ను ఒక్కసారైనా "ఎంత తెలివి" అన్నావా? ఎప్పుడూ చూడని ఊరి మీద అంత ధ్యాసా? శిక్ష ఇదీ: రెండు నెలలు వచ్చి నా కళ్లెదుట కూర్చోవాలి.
మల్లిక
తా.క.: మాట్లాడనివ్వరా? అయితే ఈ ఉత్తరాన్ని గిడియోన్‌తోనే గట్టిగా చదివించు.

మల్లికకు, చదివించాను. పదకొండు మంది జూరీ. చిల్లు బకెట్లో నీళ్లయిపోయేసరికి నేను "మల్లిక అంటే నాకు..." దాకానే వచ్చాను. ఓటుకు నట్లు, బోల్టులు ఇచ్చారు. నట్టు పడితే నేరస్థుణ్ణి, బోల్టు పడితే నిర్దోషిని. డబ్బాలో తొమ్మిది నట్లు! వారానికో ఉత్తరం రాస్తానని నా శిక్ష నేను అడిగాను. జూరీలో ఉన్న మా ఫోర్‌మన్ భీమన్న లేచి, "నడ్వదు తమ్మీ. చెల్లె చెప్పిందే ఖలాస్" అన్నాడు. సెలవు కాగితం కూడా ఆయనే దగ్గరుండి ఆఫీసులో సంతకం చేయించాడు. గురువారం విమానం.
శిక్ష పడిన నీ లింబాద్రి
తా.క.: ఇంటికి సెలవు దొరికిందని క్యాంపంతా నన్ను చూసి కుళ్లుకుంటోంది. నిన్న భీమన్న నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: "మా ఇంటామె అంజవ్వకు సుత చెల్లెతోని చెప్పియ్యి తమ్మీ. నా మీద గూడ జర అనుమానపడమను."