పెంటలో పాతిన కాళ్లు

దయామణి నాయనకు,

గంజి ఉట్టి మీద ఉంది. ముందు పిల్ల కాళ్లు వేన్నీళ్లతో మళ్లీ కడగండి, ఎంత తోమినా పెంటకంపు పోలేదు. తర్వాత ఆముదం రాసి, మిషన్ ఆసుపత్రి నర్సమ్మ చూపినట్లు వాగు ఇసుకలో నడిపించండి. కాలివేళ్లతో చింతగింజలు ఏరించండి. ఏడ్చినా చంకనెత్తుకోవద్దు.

నిన్న నేను పనికి పోగానే, గ్రహణంలో పాతితే మెత్తటి కాళ్లు గట్టిపడతాయని మీరూ మీ అమ్మా బిడ్డను నడుముదాకా పెంటగుంతలో పూడ్చినారు. మీ అమ్మది పాతకాలం. ఆదివారం గుడిలో వాక్యం చదివే మీ బుద్ధి ఏ గడ్డి తిన్నది? పలకల గనికి పోతున్నాను.

యేసుమణి

పొద్దున లేస్తూనే నన్నడిగింది: "అమ్మా, నాయన నన్ను మళ్లా పూడుస్తాడా?" జవాబు మీరే చెప్పండి.