బూజుకర్ర

రాజ్యం,

నీ సంవత్సరీకం అయిన వారానికి సునంద వచ్చింది. మన మేడమీద గదిలో అద్దెకుండి, పెళ్ళి బ్యాండుల్లో సాక్సోఫోన్ వాయించిన పిల్ల ఇప్పుడు ముంబైలో సొంత జాజ్ బ్యాండ్ నడుపుతోంది. నిన్న రాజమండ్రిలో వాళ్ళ కచేరీ. ఒక్కణ్ణే వెళ్ళాను. పక్క కుర్చీలో ఎవరో గొడుగు పెట్టుకున్నారు.

"బాగా వాయించావమ్మా" అన్నాను, కచేరీ అయ్యాక.

"అంతా పిన్నిగారి బూజుకర్ర చలవేనండి. నచ్చితే కింద నుంచి కప్పు మీద రెండుసార్లు కొట్టేవారు కదా, మళ్ళీ వాయించమని. అదే మళ్ళీ వచ్చేది కాదు. అప్పటికప్పుడు ఇంకోటి అల్లేదాన్ని. నా జాజ్ అక్కడే మొదలైంది."

"నాకు మాత్రం గోలగా ఉండేది."

"తెలుసు బాబాయ్‌ గారూ. మీరు ఒక్కసారే కొట్టేవారు, ఆపమని."

రాత్రి ఆ గదిలోనే పడుకుంది. పొద్దున్నే సాధన మొదలుపెట్టింది. నేను బూజుకర్ర తెచ్చి కప్పు మీద ఒకసారి కొట్టాను. ఆపేసింది. గబగబా రెండోసారి కొట్టాను. తరవాత మళ్ళీ వాయించింది, ఇంకోలా.

మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయింది. కర్ర ఇంకా నా కుర్చీ పక్కనే ఉంది.